పీచుగాడి క్షవరం

వీధిలో అందరూ ఆయన్ని పదినిమిషాలాయన అంటారు. తల ఎలాంటిదైనా సరే, కుర్చీలో కూర్చోబెట్టి, మెడకు గుడ్డ చుట్టి, పది నిమిషాల్లో దులిపి లేపేస్తాడు. పెళ్ళికొడుకు తలకైనా అంతే, మూడు నెలలుగా దువ్వెన మొహం చూడని తలకైనా అంతే. నలభై మూడేళ్ళుగా కత్తెర పట్టిన చెయ్యి, ఆ మాత్రం గర్వం ఉంటుంది. ఆ గర్వం షాపు గడప దగ్గర ఆగేది కాదు, అదీ తంటా. బల్బు మార్చడం, కుళాయి బిగించడం, అల్లుడి అలక తీర్చడం, ఆయన లెక్కలో అన్నీ పది నిమిషాల పనులే. వాటిలో సగం పాడయ్యేవి. ఆ సగాన్ని బాగుచెయ్యడానికి ఆయన భార్యకు వారం పట్టేది.

షాపు ముందు, ఇల్లు వెనక. ఇంట్లో పక్క గది ఆయన అక్కది. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "తీరిక దొరకలేదు" అనేది. అంతకు మించి ఒక్క ముక్క రాబట్టడం ఎవరి తరమూ కాలేదు. ముప్పై ఐదేళ్ళు ఒక టైలరు దగ్గర చొక్కాలకు కాజాలు కుట్టింది. గుండీ దూరే ఆ చిన్న చీలిక చుట్టూ దారం ఎంత దగ్గరగా వెయ్యాలో ఆవిడ వేళ్ళకు తెలుసు. తరవాత కళ్ళలో నీటికాసులు వచ్చాయి. ఇప్పుడు వెలుతురు, నీడ తప్ప మరేమీ కనబడదు. వేళ్ళు మాత్రం చెక్కుచెదరలేదు. పప్పులో రాయి ఆవిడ చేతిని దాటిపోయిన రోజు లేదు.

అక్కాతమ్ముళ్ళ మధ్య ఒక పాత సంగతి ఉంది, అది ముందే చెప్పాలి. పదిహేనో ఏట పనిలో చేరినప్పుడు యజమాని ఇతన్ని నేల ఊడవడానికే గాని కత్తెర ముట్టుకోనిచ్చేవాడు కాదు. "నా తల మీద నేర్చుకోరా" అని అక్క నడుము దాకా ఉన్న జడ విప్పి కూర్చుంది. జరిగిందేమిటంటే, ఒక పక్క చెవి దాకా, ఇంకో పక్క భుజం దాకా. తమ్ముడు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆవిడ అద్దంలో చూసుకుని, రెండో పక్క తనే సమానం చేసుకుని, అమ్మ దగ్గరికి వెళ్ళి "ఉక్కపోత భరించలేక తీసేశాను" అంది. తిట్లన్నీ తనే తింది. ఆ తరవాత మళ్ళీ జుట్టు పెంచలేదు. ప్రతి నెలా మొదటి సోమవారం, షాపు సెలవు పూట వచ్చి కుర్చీలో కూర్చునేది. తమ్ముడు మెడ దాకా సరిచేసేవాడు. ఆవిడ తల దగ్గర మాత్రం గడియారం వంక చూసేవాడు కాదు.

ఇక పీచుగాడు. మూరెడు ఎత్తు కుక్క. వీపు నలుపు, మొహమూ కాళ్ళూ ఇటుక రంగు, కళ్ళ మీద ముసలాయన కనుబొమల్లాంటి కుచ్చులు, గడ్డం సరేసరి. ఒంటి మీద వెంట్రుక ముట్టుకుంటే కొబ్బరి పీచే. అందుకే ఆ పేరు. గుండీల దుకాణం నడిపే ఆవిడ ఇల్లు మారిపోతూ వాణ్ణి అక్క ఒళ్ళో పెట్టి, ఒక విద్య కూడా నేర్పి వెళ్ళింది. ఈ జాతి కుక్కలకు బొచ్చు కత్తిరించకూడదట. పైనున్న గరుకు వెంట్రుక ముదిరి వదులైనప్పుడు దాన్ని వేళ్ళతో పట్టి లాగెయ్యాలట. ముదిరినది నొప్పి లేకుండా వచ్చేస్తుంది. దాని చోట మళ్ళీ గరుకుదే మొలుస్తుంది. అలా కాదని కత్తిరిస్తే మొదలు లోపలే ఉండిపోయి, అడుగునున్న మెత్తటి నూగు పైకి వస్తుంది, రంగు కూడా పోతుంది.

రోజూ సాయంత్రం ఐదింటికి అక్క వసారాలో చిన్న పీట వేసుకుని, ఒళ్ళో పాత తువ్వాలు పరుచుకునేది. పిలవకుండానే వాడు ఎక్కి బోర్లా పడుకునేవాడు. టైలర్లు గుర్తులు పెట్టే సుద్దముక్క ఒకటి ఆవిడ దగ్గర ఎప్పుడూ ఉండేది. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ రుద్దుకుంటే వెంట్రుక జారదు. అలా రోజుకు ఒక చెయ్యంత మేర తడిమి, ముదిరినవి ఏరి తీసేది. వాడు గుర్రుపెట్టి నిద్రపోయేవాడు. చూపు పోయాక ఆవిడకు మిగిలిన పని అదొక్కటే, ఆవిడకు ఆ గంటంటే ప్రాణం.

తమ్ముడు షాపు తలుపులోంచి చూసి వెక్కిరించేవాడు.

"ఒక్కొక్కటీ పీకుతూ కూర్చో అక్కా. నువ్వు తోక దాకా వెళ్ళేసరికి నేను వీధందరికీ రెండుసార్లు క్షవరం చేసేస్తా. నాకొక్క పది నిమిషాలియ్యి."

"నీ పది నిమిషాలు నీ దగ్గరే దాచుకోరా నాయనా."

ఒకరోజు అక్క స్నానాల గదిలో జారిపడింది. తొడ ఎముక విరిగింది. స్ట్రెచరు మీద పడుకోబెడితే, అంత నొప్పిలోనూ తమ్ముడి చెయ్యి పట్టుకుని చెప్పింది: "పీచుగాడి బొచ్చు జోలికి పోకు. నీ మెషీను వాడికి తగలనివ్వకు. నేనొచ్చాక చూసుకుంటా."

"అలాగే అక్కా, అలాగే" అన్నాడు. ఆ కంగారులో ఏమన్నా అలాగే అనేవాడేలెండి.

ఆసుపత్రిలో మూడు వారాలు పట్టింది. ఈలోపు పీచుగాడి బొచ్చు తెగ ముదిరింది. అక్క లేక దిగులుపడి రోజంతా షాపు గుమ్మంలో పడుకునేవాడు. రేపు అక్క వస్తుందనగా, రిటైరైన హెడ్మాస్టరు గారు కుర్చీలో కూర్చుని వాణ్ణి కింద నుంచి పైదాకా చూశారు.

"ఏమయ్యా, ఊరందరి తలలూ చూస్తావు. నీ ఇంటివాడి అవతారం ఇదా? చీపురు అనుకుని తొక్కబోయాను."

షాపులో ఉన్న నలుగురూ నవ్వారు. తమ్ముడికి తల కొట్టేసినట్టయింది. మధ్యాహ్నం షాపు మూశాక వాణ్ణెత్తి బల్ల మీద నిలబెట్టాడు. 'పాపం అక్క, కాలు కట్టుతో వచ్చి ఇంత బొచ్చు ఎప్పుడు పీక్కుంటుంది? శుభ్రంగా ఉంటే మురిసిపోతుంది' అనుకున్నాడు. స్ట్రెచరు దగ్గర ఆవిడ అన్న మాట ఆ క్షణంలో గుర్తు రాలేదని తరవాత తనకు తనే చాలాసార్లు చెప్పుకున్నాడు. నిజం చెప్పొద్దూ, గుర్తొచ్చింది. గుర్తొచ్చినా, నాకు తెలియని వెంట్రుకా అనుకున్నాడు.

మెషీను గుయ్యిమంది. పీచుగాడు వణికాడు, కరవలేదు, తలుపు వైపు చూస్తూ నిలబడ్డాడు. మెడ నుంచి తోక దాకా నాలుగు బారులు, పక్కలకు మూడేసి. సరిగ్గా పది నిమిషాలు. పని ముగించి వెనక్కి జరిగి చూశాడు. వీపు మీది నలుపంతా నేల మీద పడి ఉంది. బల్ల మీద ఎలుక రంగులో, మెత్తటి నూగుతో, ఎవరిదో కుక్క నిలబడి ఉంది. ఆ కనుబొమలూ గడ్డమూ మాత్రమే పీచుగాడివి.

మంచినీళ్ళు ఇవ్వడానికి వచ్చిన భార్య గ్లాసుతో అలాగే నిలబడిపోయింది.

"అయ్యో అయ్యో! వదిన అంతలా చెప్పి వెళ్ళిందే! ఏ మొహంతో చూపిస్తారు?"

"పెరుగుతుందిలే" అన్నాడు.  చీపురు తీసుకుని ఆ బొచ్చంతా తనే ఊడ్చి, వీధి చివరి చెత్తకుండీలో పారేసి వచ్చాడు. షాపులో బుట్ట ఉన్నా అంత దూరం ఎందుకు మోసుకెళ్ళాడో అడిగే ధైర్యం భార్యకు లేకపోయింది.

మర్నాడు అక్క వచ్చింది. మంచం మీద పడుకోబెట్టగానే "ఏడీ నా కొడుకు?" అంది. పీచుగాడు ఎగిరి మంచమెక్కి, మూలుగుతూ, మొహమంతా నాకేశాడు. ఆవిడ నవ్వుతూ వాడి వీపు మీద చెయ్యి వేసింది. చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ మెడ దగ్గర్నుంచి తోక దాకా తడిమింది. నవ్వు పోయింది.

"ఒరేయ్, వీడికేమైందిరా?"

చెప్పేద్దామనే నోరు తెరిచాడు. అప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషి, కట్టుతో ఉన్న కాలు, ఆ మొహం చూశాక నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఒంటి మీద పొక్కులు వచ్చాయక్కా. పశువుల డాక్టరు బొచ్చు తీసెయ్యమన్నాడు."

వంటగదిలో గిన్నెల చప్పుడు ఠక్కున ఆగింది.

"ఎక్కడ వచ్చాయి?"

"వీపు మీద... పక్కల..."

"నేను పీకే చోటేనా?"

ఆ ప్రశ్నలో ఏముందో ఆయన ఆలోచించలేదు. గండం గడిచిపోతే చాలనుకున్నాడు. "ఆఁ, అక్కడే" అన్నాడు.

 అక్క చేతిని మెల్లగా వెనక్కి తీసుకుని దుప్పటి కిందకు పెట్టుకుంది.

ఆ రోజు మొదలు ఆవిడ పీచుగాడి ఒంటి మీద చెయ్యి వెయ్యలేదు. గోళ్ళు మొదళ్ళ దాకా కత్తిరించుకుంది. పూటకు రెండుసార్లు సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కునేది. మందుల షాపు నుంచి పూత మందు తెప్పించి "నువ్వు రాయమ్మా, నేను ముట్టుకోను" అని మరదలి చేతికిచ్చింది. ఏ రోగమూ లేని కుక్కకు రోజూ మందు రాయలేక ఆ ఇల్లాలు మొగుడి వంక చూసిన చూపులకు వేరేవాడైతే బూడిదయ్యేవాడు.

పొద్దున్నే షాపు తలుపు తీస్తుంటే లోపలి నుంచి గొంతు వినబడేది. "పొక్కులు తగ్గాయారా?"

"తగ్గుతున్నాయక్కా."

లేని పొక్కులు ఎన్నాళ్ళని తగ్గుతాయి? 

సాయంత్రం ఐదయ్యేసరికి మరీ కష్టం. చేతికర్ర సాయంతో అక్క వసారాలోకి వచ్చి, పీట మాని కుర్చీలో కూర్చునేది. పీచుగాడు మూలనున్న పాత తువ్వాలు నోట కరుచుకుని వచ్చి ఆవిడ పాదాల దగ్గర పడేసేవాడు. ఆవిడ చేతులు రెండూ చంకల్లో పెట్టుకునేది. వాడు మోచేతి కింద ముక్కు దూర్చి ఎత్తేవాడు.

"వద్దు నాన్నా. నా చేతులు మంచివి కావు. నాకు కనబడక, పచ్చి వెంట్రుకలు లాగి నీ ఒళ్ళు పుండు చేశాను."

ఈ మాట షాపులో గడ్డం గీస్తున్న ఆయన చెవిన పడింది. కత్తి కదిలింది. నలభై మూడేళ్ళలో మొదటిసారి ఒక మనిషి చెంప మీద గాటు పడింది. ఆ మనిషి "పర్వాలేదులెండి" అన్నాడు. పర్వాలేదనే మాట వింటేనే ఆయనకు ఒళ్ళు మండిపోయింది, తన మీద తనకే.

చెప్పాలని నాలుగుసార్లు ఆవిడ గదిలోకి వెళ్ళాడు. ఒకసారి ఫ్యాను బాగా తిరుగుతోందా అని అడిగి వచ్చాడు. ఒకసారి కిటికీ మూసి వచ్చాడు. మూడోసారి మూసిన కిటికీ తీసి వచ్చాడు. నాలుగోసారి ధైర్యం చేసి, మొత్తం చెప్పలేక, మధ్యలో ఒక దారి వెతికాడు.

"అక్కా, అది నువ్వు పీకడం వల్ల కాదట. డాక్టరే అన్నాడు."

ఆవిడ విచారంగా నవ్వింది. "నన్ను ఊరడించాలని అంటున్నావు. నీకు అబద్ధం చెప్పడం చేతకాదురా. చిన్నప్పటి నుంచీ అంతే."

ఆయన బయటికొచ్చి గోడకు చేరగిలబడ్డాడు. అబద్ధం నమ్మింది, నిజం నమ్మలేదు. భార్య ఎదురొచ్చి గొంతు తగ్గించి అంది: "చెప్పడానికి పది నిమిషాలు కూడా పట్టదు కదండీ!"

అలా నెలన్నర గడిచింది. ఒక ఆదివారం పొద్దున అక్క మామూలుగా మాట్లాడుతున్నట్టు అంది: "మన వీధి బేకరీ ఆవిడతో మాట్లాడాను. సాయంత్రం వచ్చి పీచుగాణ్ణి తీసుకెళ్తుంది. చూపున్న మనిషి, మంచిది. నా దగ్గరుంటే ఏదో ఒక రోజు చెయ్యి ఊరుకోదు. మళ్ళీ మొదలెడతాను. వాడికి మళ్ళీ రోగం తెస్తాను."

 "ఈ కాస్త దానికీ..." అన్నాడు. "కాస్త ఏంట్రా? నోరులేని జీవి" అంది ఆవిడ, అక్కడితో అయిపోయింది.

ఆదివారం షాపులో ఊపిరి సలపదు. నాలుగింటికి హెడ్మాస్టరు గారు కుర్చీలో ఉన్నారు. తల కుడి పక్క అయింది, ఎడమ పక్క మొదలెట్టాలి. అంతలో వసారాలో బేకరీ ఆవిడ గొంతు వినబడింది. అక్క అప్పగింతలు చెబుతోంది. "ఇది వాడి గిన్నె. ఇది తువ్వాలు, ఇది లేకపోతే పడుకోడు. ఉరుమంటే భయం. ఇంకోటండీ, వాడి ఒంటి మీద గోళ్ళు తగలనివ్వకండి. నేను చేసిన తప్పు మీరు చెయ్యొద్దు."

నేను చేసిన తప్పు. ఆ మాటతో ఆయన కాళ్ళు వాటంతట అవే కదిలాయి. "ఏమయ్యా, ఏమయ్యా!" అని హెడ్మాస్టరు గారు సగం తలతో కేకేస్తున్నా వినిపించుకోలేదు. వసారాలో అక్క వంగి, పీచుగాడి మెడకు బెల్టు తగిలించాలని తడుముకుంటోంది. వాడి ఒంటికి వేలు తగలకుండా తగిలించాలని ఆవిడ అవస్థ. కొక్కెం పట్టడం లేదు.

"అక్కా, వాడికి ఏ రోగమూ రాలేదు."

ఆవిడ తలెత్తింది.

"పొక్కుల్లేవు. డాక్టరూ లేడు. నేనే గొరిగాను. వద్దని నువ్వు చెప్పింది గుర్తుండే గొరిగాను. షాపులో నలుగురు నవ్వారని, నాకు తెలియందేముందని గొరిగాను. తిడతావని భయపడి అబద్ధం చెప్పాను. నీ చేతుల్లో ఏ తప్పూ లేదక్కా. తప్పంతా నాది."

 గుయ్యిమనే చప్పుడొక్కటే వినబడుతోంది.

"ముందు ఆ మెషీను ఆపు" అంది అక్క.

అప్పుడు చూసుకున్నాడు, మెషీను చేతిలోనే తిరుగుతోంది. ఆపాడు.

"ఎన్ని రోజులైంది?"

"నలభై ఆరు."

"లెక్క కూడా పెట్టుకున్నావన్నమాట" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయనకు కాస్త తేలికయ్యేది. "బొచ్చు తీసేసినందుకు తిట్టేదాన్ని. రెండు రోజులు తిట్టి ఊరుకునేదాన్ని. నలభై ఆరు రోజులు నా చేతుల్ని నేనే అసహ్యించుకున్నానురా. నువ్వు పక్కనే ఉండి చూశావు. నా జుట్టు పాడుచేసిన రోజు ఏడుస్తూ నిలబడ్డావు కానీ, నేను చెయ్యలేదని అనలేదు. అప్పుడు నీకు పదిహేనేళ్ళు. ఇప్పుడు ఎంతరా నీ వయసు?"

 బేకరీ ఆవిడ నెమ్మదిగా బెల్టు తీసి కుర్చీ మీద పెట్టి, "నేను మళ్ళీ వస్తానండీ" అని వెళ్ళిపోయింది. మళ్ళీ రావలసిన పని లేదని ఆవిడకూ తెలుసు. అక్క రెండు చేతులూ చాచింది. పీచుగాడు ఒళ్ళోకి ఉరికాడు. ఆవిడ మొహం వాడి మెడలో దాచుకుని, ఆ మెత్తటి నూగంతా పది వేళ్ళతో తడుముతూ ఏడ్చింది. హెడ్మాస్టరు గారి ఎడమ పక్క తల ఆ పూట ఎవరు పూర్తి చేశారంటే, ఎవరూ చెయ్యలేదు. ఆయన టోపీ పెట్టుకుని ఇంటికెళ్ళారు.

తొమ్మిది రోజులు అక్క తమ్ముడితో మాట్లాడలేదు. ఏం కావాలన్నా మరదలితోనే. నెల మొదటి సోమవారం వచ్చింది. ఆయన పొద్దున్నే కుర్చీ తుడిచి, తెల్ల గుడ్డ ఉతికింది పరిచి కూర్చున్నాడు. ఆవిడ రాలేదు. మధ్యాహ్నం వెళ్ళి చూస్తే, మెడ దిగిన జుట్టును మరదలితో వెనక్కి కట్టించుకుని కూర్చుంది. ఆయన అలాగే తిరిగొచ్చి ఆ గుడ్డ మడతపెట్టేశాడు. ఎన్ని తిట్లు తిన్నా అంత బాధ ఉండేది కాదు.

మర్నాడు ఐదింటికి వసారాలోంచి పిలుపొచ్చింది. "ఒరేయ్, ఇలా రా. చేతులు కడుక్కునిరా."

వెళ్ళాడు. "కూర్చో" అంటే నేల మీద కూర్చున్నాడు. ఆవిడ సుద్దముక్క ఆయన చేతిలో పెట్టింది. "కత్తిరించిన మొదళ్ళు లోపల ఉండిపోయాయి. అవి వస్తే గాని గరుకుది మొలవదు. నా ఒక్కదాని వల్ల కాదు. నువ్వు చేసిందే, నువ్వే తియ్యి."

ఆయన నూగును పట్టి లాగాడు. పీచుగాడు ఉలిక్కిపడ్డాడు.

"గబగబా లాగకు. ముందు కదిపి చూడు. రానంటే వదిలెయ్యి, రేపు చూద్దాం." ఆవిడ చెయ్యి ఆయన చెయ్యి మీద పడింది. ఆ వేళ్ళు ఎంత తేలిగ్గా కదులుతాయో ఇన్నేళ్ళకు ఆయనకు తెలిసింది. గంటసేపు కూర్చుంటే అరచేతిలో సగం మేర అయింది.

అప్పటి నుంచి ఐదు నుంచి ఆరు దాకా షాపు మూతే. "పదినిమిషాలాయనకు గంట పని దొరికింది" అని వీధిలో నవ్వుకున్నారు. నవ్వనీ అనుకున్నాడు. వేళ్ళు కాయలు కాశాయి. అక్క ఆయనతో కుక్క సంగతులు మాట్లాడేది, ఇంటి సంగతులు మాట్లాడేది. జుట్టు సంగతి మాత్రం ఎత్తేది కాదు. మరో ఐదు నెలలు, మొదటి సోమవారం రాగానే ఉతికిన గుడ్డ పరిచి, మడతపెట్టాడు. అక్క జుట్టు భుజాలు దిగింది. వంగినప్పుడల్లా మొహం మీద పడుతుంటే చెవి వెనక్కి తోసుకునేది. అది చూసిన ప్రతిసారీ ఆయన చూపు తిప్పుకునేవాడు.

ఒక సాయంత్రం మెడ కింద తడుముతున్న అక్క చెయ్యి ఆగింది.  ఆయనకు ఆ రోజు మంచం మీద ఆగిన చెయ్యి గుర్తొచ్చింది.

"నీ వేలు ఇలా పెట్టు" అంది.

పెట్టాడు. మెత్తటి నూగు మధ్య గుచ్చుకుంటూ కొన్ని వెంట్రుకలు. వంగి చూశాడు. నల్లగా, గరుకుగా ఉన్నాయి. గోరంత మేర ఉంటుందేమో.

"వచ్చింది అక్కా" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎప్పటి నుంచో దాచుకున్న మాట ఆగలేదు. "అక్కా, నీ జుట్టు... ఈ సోమవారం..."

అక్క చెవి మీద పడిన పాయను వెనక్కి తోసుకుంది. కోపంగా లేదు, నవ్వడమూ లేదు.

"వీడి ఒంటి మీద మొత్తం రానీ. అప్పుడు నా తల సంగతి చూద్దాం."

ఆయన తలూపాడు. ఆవిడకు కనబడదని గుర్తొచ్చి "సరే అక్కా" అన్నాడు. పీచుగాడి వీపు ఇంకా చాలా ఉంది. ఆయన వేళ్ళకు మళ్ళీ సుద్ద రుద్దుకున్నాడు.